మోకు పట్టిన చేతికి కొత్త శిక్షణ

తాటిచెట్టు ఎక్కుట నేర్పెదమని వచ్చినవారిని చూచి గీత కార్మికుడు నవ్వుకొనును. ఆ నవ్వు న్యాయమైనదే. మీసము మొలచిన నాటినుండి అతడు నడుమునకు మోకు వేసికొని, పాదములకు బంధము తగిలించుకొని, కత్తులతో దినమునకు రెండు మారులైనను చెట్టెక్కుచున్నాడు. అయినను చెట్టుపైనుండి పడి ప్రాణము పోగొట్టుకొన్నవారును, వెన్నెముక విరిగి మంచము పట్టినవారును మన పల్లెలలో ఉన్నారు. వారిలో పలువురు చేయి తిరిగినవారే.

పది మీటర్ల ఎత్తునుండి జారిన మనిషి నేలను తాకుటకు ఒకటిన్నర సెకను కూడ పట్టదు. అప్పటికి అతని వేగము గంటకు 50 కిలోమీటర్లు. ఆ వ్యవధిలో చేతికి ఏదో ఒక మట్ట దొరకునని ఆశించుట వృథా. ఆధారము జారుటకు ముందే ఉండవలెను.

మోకు ఉన్నది గదా యని అడుగవచ్చును. మోకు చెట్టెక్కుటకు పుట్టిన సాధనము. పడువానిని ఆపుటకు పుట్టినది కాదు. మనిషి వెనుకకు వాలి తన బరువుతో బిగించి ఉంచినంతసేపే అది మొద్దును పట్టియుండును. కాలు జారి ఆ వాలు తప్పినచో మోకును వదులై అతనితోపాటు జారును. పైకి చేరి, దానిని సడలించి మట్టలపై కాలు మోపు వేళ ఆ పాటి ఆధారమును ఉండదు. వానకు తడిసిన మొద్దు, పట్టుకొనగానే ఊడివచ్చు ఎండుమట్ట, ఇవి అనుభవమును లెక్కచేయవు.

తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో ‘కాటమయ్య రక్షణ కవచము’ అను పేర గీత కార్మికులకు రక్షణ సామగ్రి నిచ్చుట ప్రారంభించినది. కాటమయ్య గౌడుల ఇలవేల్పు. పేరు పెట్టినవారు పల్లె మనసు నెరిగినవారే. నడుమును తొడలను పట్టియుండు పట్టీలు, చెట్టు చుట్టును వేయు త్రాడు, రెంటిని కలుపు కొక్కెములు ఇందు ముఖ్యమైనవి. కాలు జారినను మనిషి నేలకు రాక వ్రేలాడును. సామగ్రితోపాటు శిక్షణయు ఏర్పాటైనది.

ఈ శిక్షణలో మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచునది ఒకటి కలదు. మనిషి ఎత్తు దాటకుండ, చెట్టు మొదటనే, కార్మికుడు కావలెనని కాళ్లు వదలి త్రాడుపై వ్రేలాడవలెను. ఒకమారు కాదు, శరీరము నమ్మువరకు. మాటలతో కలిగిన నమ్మకము చెట్టు సగమెక్కునప్పటికి కరగిపోవును. అటువంటివాడు మరునాడు పట్టీలను ఇంటి దూలమునకు తగిలించి, పాత మోకుతోనే వనమునకు పోవును. తాత ముత్తాతలు దీనితోనే ఎక్కిరి గదా యనును. ఎందరు దీనితోనే పడిరో ఆ లెక్క ఎవరును వ్రాసి ఉంచలేదు.

ఎక్కుటకు ముందు త్రాడును చేతితో తడిమి చూచుట రెండవ పాఠము. గీతకత్తి పదును త్రాటికిని తగులును, ఎలుక కొరుకును, ఎండ నైలానును పెళుసు చేయును. పోగు తెగిన త్రాటిని ముడివేసి వాడుట కంటె పారవేయుట మేలు.

వ్రేలాడుచున్నవానిని దింపుట తోటివారికిని నేర్పవలెను. పట్టీలలో కదలక వ్రేలాడినచో రక్తము కాళ్లలో నిలిచి స్పృహ తప్పును. గంటల తరబడి వేచియుండరాదు. నేలపై పడినవానిని చంకలు పట్టి లేపి కూర్చుండబెట్టు అలవాటు మన పల్లెలలో నేటికిని పోలేదు. వెన్ను విరిగియున్నచో ఆ లేపుటయే కాళ్లను శాశ్వతముగా చచ్చుపడజేయవచ్చును. తల, మెడ కదలకుండ పట్టుకొని 108 వాహనమును పిలువవలెను.

ఇక శిక్షణకు వేళ. గెలను దినమును చెక్కకున్నచో గాయము ఆరి కల్లు నిలిచిపోవును. కనుక గీత కార్మికునకు సెలవు దినము లేదు. పట్టణములో మూడు దినముల తరగతి పెట్టి, ఎవరును రాలేదని నిందించుట తగదు. ఉదయపు కల్లు దింపిన పిమ్మట, సాయంత్రము మరల ఎక్కుటకు ముందు, ఆ వనములోనే, అతని చెట్టు క్రిందనే నేర్పవలెను.