గడపమీఁది గువ్వపిల్లలు

పల్లెటూరి యింటి గడపమీఁద ముగ్గురు పసిబిడ్డలు వరుసగాఁ గూర్చున్నారు. తల్లి యెదుటఁ జిన్నపీటపై ముందునకు వంగి, కొయ్యచెంచాతో వారికి జావ పట్టుచున్నది. నడిమిబిడ్డ మెడఁ జాఁచి నోరు తెఱచినాఁడు. ఇరుప్రక్కలవారు తమ వంతు కెదురుచూచుచున్నారు. ఫ్రెంచి చిత్రకారుఁడు జాన్ ఫ్రాంస్వా మిలే 1860 ప్రాంతమున రచించిన యీ చిత్రము లీల్ నగరపు చిత్రశాలయందుఁ గలదు. దీని పేరు 'లా బెకే'. పక్షి తన పిల్లల నోటికి ముక్కుతో నందించు మేఁత యని యర్థము.

పేరు తెలిసినంతనే గడప గూఁడగును, తల్లి పక్షి యగును. పెక్కుమంది చూపరు లిచ్చటనే నిలిచిపోయి, పసితనపు ముద్దునకు మురిసి మరలిపోవుదురు. కాని చిత్రమున సగమర్థము వెనుకనున్నది. ఇంటిప్రక్కఁ దోఁటలో, దూరముగా, నొక పురుషుఁడు నేల త్రవ్వుచున్నాఁడు. ఆతఁడే తండ్రి. ఆ గూటివారినందఱిని పోషించుటకే యాతఁడు పాటుపడుచున్నాఁడని మిలే తన లేఖలో స్వయముగాఁ దెలిపెను.

ఇది పట్టణవాసి యూహించి వ్రాసిన పల్లె కాదు. మిలే 1814లో నార్మండీలోని గ్రూషీ గ్రామమున రైతుకుటుంబమునఁ బుట్టి, చిన్ననాఁడు పొలముపని చేసెను. 1849లో బార్బిజాన్ పల్లె చేరి, 1875లో మరణించువఱకు నచ్చటనే కాపురముండెను. తొమ్మండుగురు బిడ్డల తండ్రికి గంజి విలువ యొకరు చెప్పవలయునా?

పరిగె యేఱుకొను ముగ్గురు స్త్రీల నాతఁడు 1857లోఁ బారిస్ ప్రదర్శనమున నుంచఁగా, కొందఱు విమర్శకులు దానియందు విప్లవచ్ఛాయఁ గని బెదరిరి. బిడ్డల చిత్రముఁ జూచి బెదరువారు లేరు. అయినను రెండును చెప్పునది యొక్కటే: అన్నము వెనుక నొక మనుష్యుని వెన్ను వంగియున్నది. మొదటిది దానిని లేమిగాఁ జూపెను. రెండవది వాత్సల్యముగాఁ జూపెను.

కావున నీ చిత్రము మన జాలిని కోరుట లేదు. ఈ బిడ్డలు బిచ్చగాండ్రు కారు. తండ్రి చెమట ఫలమునే తినుచున్నారు. త్రవ్వినవానికిఁ దగిన ఫలము దక్కినంతకాలమే యా చెంచాలో జావ యుండును. అది దక్కనినాఁడు తల్లి ప్రేమ యెంత గొప్పదైనను వట్టిచెంచాతోఁ గడుపు నింపఁజాలదు. రైతుబిడ్డల ముద్దుమోములను గోడలపై నలంకరించుకొని యానందించువారు, తోఁటలోని యా చిన్నరూపమును గూడ నొక్కమాఱు తేఱిపాఱఁ జూతురుగాక! ఆతని హక్కునకు నిలువని ముద్దు, చిత్రపటముపై ముద్దుగానే మిగిలిపోవును.