ఘాటు దారిలో పాత సైకిలు

మన కళాశాల సైకిళ్ల షెడ్డులో గోడవారగా కొన్ని సైకిళ్లు నెలల తరబడి కదలకుండా ఉన్నాయి. ఒకదానికి చైను లేదు. ఒకదాని వెనుక చక్రం వంకరపోయింది. మరొకదాని కుడి పెడలు ఊడిపోయింది. దారిన పోయేవారికి అవి పాత ఇనుము. వాటి యజమానులలో ఇద్దరు ఉదయం మొదటి పీరియడుకు రావడం మానివేశారన్న సంగతి హాజరు పిలిచే నాకు తెలుసు. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఏ భాగాన్ని బాగుచేసి నెట్టుకురావచ్చునో, ఏ భాగాన్ని వెంటనే మార్చి తీరవలెనో తెలియకపోతే ఉన్న కాస్త డబ్బూ వృథా అవుతుంది. ఈ సంగతి నాకు ఒక విద్యార్థి గాయపడిన తరువాతగాని తెలియలేదు. అందుకే ఈ వ్యాసం.

ఇక్కడికి రాకపూర్వం నేను అరకులోయలో మూడేళ్లు ఉపన్యాసకుడిగా పనిచేశాను. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఆ లోయకు శృంగవరపుకోట నుండి అనంతగిరి మీదుగా ఘాటు రోడ్డు వెళుతుంది. లోయలోకి చేరితే నేలంతా బల్లపరుపు అని విహారానికి వచ్చినవారు అనుకుంటారు. డుంబ్రిగూడ వైపు నుండీ, సుంకరమెట్ట వైపు నుండీ సైకిలు తొక్కుకుంటూ వచ్చే పిల్లలను అడిగితే వేరే మాట చెబుతారు. మెట్ట వచ్చినచోట దిగి తోయాలి, పల్లం వచ్చినచోట బ్రేకు పట్టుకొని జారాలి. వానాకాలంలో ఎర్రమట్టి చైనులోకీ, హబ్బులలోకీ చేరి ఆకురాయిలాగా అరగదీస్తుంది.

సైకిలు మరమ్మతు నేను మా చిన్నమామయ్య దుకాణంలో నేర్చుకున్నాను. మన చిన్న పట్టణాలలో 'సాయిబుగారి సైకిలు షాపు' అంటే తెలియనివారుండరు కదా, అటువంటిదే అది. ఎవరు సైకిలు తెచ్చి ఏ లోపం చెప్పినా ఆయన ముందుగా రెండు బ్రేకులూ నొక్కి చూచేవాడు. వచ్చినవాడు పంక్చరు అని చెప్పినా సరే, మొదట బ్రేకులే. అదేదో అలవాటు కాబోలు అనుకున్నానే తప్ప ఎందుకని ఏనాడూ అడగలేదు.

అరకులో ఇంటర్మీడియెట్ చదివే ఒక కుర్రవాడు తండ్రి వాడిన నల్ల సైకిలు మీద వచ్చేవాడు. మెట్ట ఎక్కేటప్పుడు చైను జారుతున్నదని ఒకనాడు నా దగ్గరకు తెచ్చాడు. బ్రేకు రబ్బర్లు కూడా అరిగి ఉన్నాయి. చేతిలో ఉన్న డబ్బు ఒకదానికే సరిపోతుంది. "మాస్టారూ, చైను కొనమంటారా, రబ్బర్లు కొనమంటారా?" అని అడిగాడు. చైను లేకపోతే కళాశాలకే రాలేడన్న ఆలోచనతో చైను కొనమన్నాను, రబ్బర్లు వచ్చే నెల చూద్దామన్నాను. మూడు వారాల తరువాత వానలో పల్లం దిగుతూ మలుపు దగ్గర ఆపుకోలేక కల్వర్టు గోడను కొట్టుకున్నాడు. మెడ దగ్గరి ఎముక విరిగింది. ఆ ఏడు పరీక్ష పోయింది. చూడబోతే, "చైను బాగా పనిచేస్తోంది మాస్టారూ" అన్నాడు. ఆ మాటకు ఏమని జవాబు చెప్పను?

నా తప్పు ఎక్కడున్నదో లెక్క వేస్తే స్పష్టమవుతుంది. మనిషీ, సైకిలూ కలిసి 80 కిలోల బరువనుకుందాం. 800 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి ఆరు లక్షల జౌళ్లకు పైమాటే. రెండు లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి అది చాలు. గాలి కొంత పంచుకున్నా, నెమ్మదిగా దిగేవాని విషయంలో తక్కిన భారమంతా చిటికెన వేలంత రబ్బరు ముక్కలు నాలుగింటి మీద పడుతుంది. అదీగాక మన సైకిళ్ల రిమ్ములు ఉక్కువి. తడిసిన ఉక్కు మీద రబ్బరుకు పట్టు బాగా తగ్గుతుంది. మొదటి కొన్ని చుట్లు నీటిని తుడవడానికే సరిపోతాయి. కనుక వానలో మలుపు రాకముందే బ్రేకును తేలికగా ఆనించి రిమ్మును తుడుచుకోవాలి. చైను తెగితే నడిచి రావచ్చును. బ్రేకు పట్టకపోతే నడవడానికి కూడా వీలుండకపోవచ్చును.

ఇనుప షూ రిమ్మును తాకేదాకా ఆగకుండా రబ్బర్లు మార్చాలి. షూకు ఒక కొస మూసి ఉంటుంది. అక్కడ రిమ్ము ఏ దిక్కుకు కదులుతుందో మూసిన కొస ఆ దిక్కుకే ఉండాలి. తిప్పి బిగిస్తే గట్టిగా నొక్కినప్పుడు రబ్బరు జారి ఎగిరిపోతుంది. పాత టైరు ముక్కను కోసి షూలో దూర్చేవారిని చూశాను. చదును నేల మీద కొన్నాళ్లు నడుస్తుందేమో, కొండల్లో ఆ పొదుపు వద్దు. ముందు ఫోర్కు, హ్యాండిలు, ముందు టైరు, ఈ మూడింటి విషయంలోనూ అంతే. పగిలిన ఫోర్కు మెడకు వెల్డింగు పెట్టించి ఘాటు దిగడం ప్రాణంతో చెలగాటమే. టైరు కోసుకుపోతే లోపల పాత టైరు ముక్క పెట్టి వెనుక చక్రానికి కొన్నాళ్లు వాడవచ్చు, ముందు చక్రానికి మాత్రం మంచి టైరే ఉండాలి.

ఇక పొదుపుకు చోటున్నది తక్కిన భాగాలలో. చైను సాగిందంటారుగాని నిజానికి ఇనుము సాగదు. పిన్నులూ, వాటి చుట్టూ ఉన్న గొట్టాలూ అరిగి లంకెకు లంకెకు మధ్య దూరం పెరుగుతుంది. చైను వేలాడితే ఒక లంకె తీయించడం మన ఊళ్లలో మామూలు. దానివల్ల వేలాడటం తగ్గుతుందిగాని అరుగుదల అలాగే ఉంటుంది. అరిగిన చైను ఫ్రీవీలు పళ్లను కూడా కొరికి కొక్కేలుగా చేస్తుంది. అప్పుడు కొత్త చైను వేసినా ఆ పళ్ల మీద కూర్చోదు, రెండూ కొనవలసి వస్తుంది. అడుగు బద్ద తీసుకొని పిన్ను నుండి పిన్నుకు కొలవండి. లంకె పొడవు అరంగుళం కనుక ఇరవైనాలుగు లంకెలు సరిగ్గా పన్నెండు అంగుళాలుండాలి. అంగుళంలో పదహారవ వంతు ఎక్కువైతే చైను మార్చే సమయం వచ్చిందన్నమాట. అప్పుడే మారిస్తే సాధారణంగా ఫ్రీవీలు దక్కుతుంది.

మన దుకాణాలలో 'ఓవరాయిలింగు' అనే మాట ఒకటున్నది. అసలు మాట ఓవర్‌హాలింగ్, అంటే అన్నీ విప్పి శుభ్రం చేసి బిగించడం. మాట మారినట్టే పని కూడా మారి, కొందరు విప్పకుండానే నూనె పోసి పంపుతారు! మట్టి మీద నూనె పోస్తే అరుగుదల హెచ్చుతుంది. హబ్బును విప్పి, గుండ్లను కిరసనాయిలుతో కడిగి, గ్రీజు పెట్టాలి. మామూలుగా ముందు హబ్బులో పక్కకు పది చిన్న గుండ్లు, వెనుక హబ్బులో పక్కకు తొమ్మిది పెద్ద గుండ్లు ఉంటాయి. ఒక్క గుండుకు గుంట పడినా ఆ పక్కవన్నీ మార్చాలి, కొత్తదీ పాతదీ కలిపితే బరువంతా కొత్తదాని మీద పడుతుంది. కోను అరిగితే కోను ఒక్కటే కొనండి, హబ్బు మొత్తం మార్చమన్న దుకాణదారును కారణం అడగండి.

పెడలు కడ్డీ టకటకమంటే కాటరు పిన్ను వదులైందని అర్థం. చదును చెక్కిన వైపు ఆకురాయితో సరిచేసి మళ్లీ దిగగొట్టవచ్చు. అయితే కడ్డీ కింద ఇనుప దిమ్మ ఆనించకుండా సుత్తితో కొడితే ఆ దెబ్బ లోపలి గుండ్ల కప్పులకు తగులుతుంది. ఎడమ పెడలు మర ఎదురు దిక్కుకు తిరుగుతుందని తెలియక బలవంతంగా తిప్పి మర పాడుచేసినవారు మన షెడ్డులోనే ఉన్నారు. పంక్చరు గురించి ఒకే మాట: సొల్యూషను పూసిన తరువాత తడి ఆరేదాకా ఓపిక పట్టి ప్యాచి అంటించండి.

మన నల్ల సైకిళ్లలో ఒక సుగుణం ఉన్నది. హీరో ఐనా, అట్లాస్ ఐనా, హెర్క్యులిస్ ఐనా పాత ఇంగ్లీషు నమూనా కొలతలనే చాలావరకు అనుసరించాయి. ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 పుల్లలు ఉండటం ఆ నమూనాదే. సాహిబాబాదులోని అట్లాస్ కర్మాగారం 2020 జూన్‌లో మూతపడిందని ఆ సైకిలు ఉన్నవారు దిగులు పడనక్కరలేదు. ఒక సైకిలు పెడలు కడ్డీలు, పుల్లలు, కోన్లు మరొకదానికి పనికివస్తాయి. కొలత మాత్రం సరిచూచుకోవాలి.

ఆ కారణం చేతనే కళాశాల కమిటీ వారికి ఒక మనవి. షెడ్డులో ఎవరూ అడగని సైకిళ్లను, యజమానులకు నోటీసు ఇచ్చిన మీదట, పాత ఇనుముగా అమ్మివేయకుండా విప్పించి భాగాలు భద్రపరచండి. మూడు సైకిళ్ల నుండి ఒకటి లేచి నిలబడుతుంది. ఒక గాలిపంపు, రెండు పానాలు, గ్రీజు డబ్బా, ఆకురాయి సమకూర్చితే శనివారం మధ్యాహ్నాలు నేను షెడ్డులో కూర్చుంటాను. బ్రేకు రబ్బర్లు మాత్రం పాతవి వద్దు, కొత్తవి ఒక పెట్టె తెప్పించండి. మొదటి పెట్టె నేను తెస్తాను.