క్లోమవ్యాధియు మనోవ్యథయు

జీర్ణాశయమునకు వెనుక, వెన్నెముకకు ముందు, అడ్డముగా అమరియున్న క్లోమగ్రంథికి క్యాన్సరు సోకినదని విన్నవాడు దిగులుపడుటలో వింత లేదు; ఏలయన అది చాలమందియందు ముదిరిన పిదపనే బయటపడు వ్యాధి. కాని 1931లో అమెరికాదేశపు నాడీవైద్యుడు జోసెఫ్ యాస్కిన్ ప్రకటించిన కొందరు రోగుల వృత్తాంతమును చూచినచో ఈ సులభసమాధానము చాలదని తోచును. వారికి తమ వ్యాధి పేరు తెలియకమునుపే నిద్రలేమియు, ఆందోళనయు, కారణమెరుగని విషాదమును తొలిలక్షణములుగా పొడసూపినవి. పిమ్మట 1986లో వైద్యురాలు జిమ్మీ హాలెండ్ తన సహచరులతో గూడి, క్లోమమునందు క్యాన్సరు ముదిరినవారిని జీర్ణాశయమునందు ముదిరినవారితో పోల్చిచూడగా, ప్రాణభీతి ఉభయులకును ఉన్నదే యైనను, మనఃక్లేశము మొదటివారియందే హెచ్చుగా కన్పట్టెను.

కణితివలనను, దానిని ఎదుర్కొను దేహమువలనను పుట్టు ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్లు మెదడుపై పనిచేసి ఆకలిని, నిద్రను, ఉత్సాహమును హరించుచున్నవని ఒక వాదము కలదు. జ్వరపీడితునకు దేనియందును ఆసక్తి లేకుండుట వంటిదే యిది. ఈ వాదము ఇంకను పూర్తిగా ఋజువు కాలేదు గాని, ఇందు సగము సత్యమున్నను, మంచముప్రక్క కూర్చుండి "ధైర్యము తెచ్చుకోవయ్యా" యని మందలించు పరామర్శకులు మౌనము వహించుట మేలు.

కావున మనస్సునకు చికిత్స దేహమునుండియే ఆరంభింపవలసియుండును. కణితి వెన్నువైపు నాడీజాలమును ఒరసికొనుటచే కలుగు నొప్పి నడుమునకు ప్రాకి నిద్రను చెరచును. అది మార్ఫినుకు లొంగనిచో ఆ నాడీజాలములోనికి సూదితో ఆల్కహాలును ఎక్కించి దానిని మొద్దుబార్చుట కలదు. క్లోమరసము చాలక క్రొవ్వు జీర్ణము కానివారికి ఎంజైము మాత్రలను భోజనముతోపాటు ఇత్తురు. అసలు ఇంటిలో కలహమంతయు అన్నముచుట్టునే తిరుగును: ఇల్లాలు కలిపిపెట్టిన ముద్దను భర్త త్రోసివేసినప్పుడు ఆమె దానిని తన ప్రేమకు తిరస్కారమని నొచ్చుకొనును, అతడు తినలేకపోవుటను తన దోషమని కుములును, ఇది వ్యాధిచేష్టయే యని వైద్యుడు ఇరువురను ఎదుట కూర్చుండబెట్టి చెప్పినచో ఆ పోరు చాలవరకు చల్లారును.

కెనడాదేశపు మానసికవైద్యుడు హార్వే చోచినోవ్ మరణాసన్నులకై కల్పించిన పద్ధతియందు, రోగిచేత తన జీవితములో ముఖ్యమని తోచిన సంగతులను చెప్పించి, ధ్వనిముద్రణము చేసి, చక్కదిద్ది వ్రాసి, ఆ ప్రతిని తనవారికి ఇచ్చుకొనుటకై అతని చేతికే యిత్తురు. 2011లో ప్రకటితమైన పరీక్షలో ఇది తక్కిన శుశ్రూషలకంటె మనోవేదనను తగ్గించినట్లు కొలతలలో తేలలేదు. అయినను తమకు మేలు కలిగెననియు, కుటుంబమువారు తమను చూచు దృష్టి మారెననియు చెప్పినవారు ఆ పద్ధతిని పొందినవారిలోనే ఎక్కువగా నుండిరి. ఈ సాక్ష్యమును నేను తక్కువగ ఎంచను.

అయితే తన వ్యాధి యేదియో ఎరుగనివానికి ఇట్టి చికిత్స యెట్లు జరుగును? మన యిండ్లలో కుమారులు డాక్టరుగారిని గదివెలుపలికి పిలిచి, "నాన్నగారికి మాత్రము చెప్పకండి" యని ప్రాధేయపడుట పరిపాటి. నేటి క్యాన్సరువైద్యులకు నేర్పు పద్ధతి వేరు: చెప్పవలెనా వలదా యను నిర్ణయమును కుమారులకు విడువక, ఎంతవరకు తెలిసికొనగోరుచున్నారని ముందుగా రోగినే యడుగుదురు; వలదన్నవానికి బలవంతముగ చెప్పరు.