మీకు తెలుసా? ‘ఇంటెన్సిఫై’ ఒక కవి చేసిన మాట

ఆంగ్ల కవి కోల్‌రిడ్జ్ 1817లో అచ్చయిన ‘బయోగ్రాఫియా లిటరేరియా’లో ‘తీవ్రతరం చేయు’ అనే అర్థంలో ఈ క్రియను వాడి, ఇది జాన్సన్ నిఘంటువులో లేదని తానే ఒప్పుకున్నాడు. న్యూటన్ కాలంలో ఆ అర్థానికి ‘ఇంటెండ్’ అనే మాట ఉండేది. అది ‘ఉద్దేశించు’ అనే అర్థంలో స్థిరపడిపోవడంతో కొత్త మాట అవసరమైంది.

ఈ క్రియ రెండు విధాలా నడుస్తుంది. తుపాను తనంతట తానే ‘ఇంటెన్సిఫై’ అవుతుంది. పోలీసులు గాలింపును ‘ఇంటెన్సిఫై’ చేస్తారు. తెలుగు పత్రికలు మొదటిదానికి ‘బలపడింది’ అనీ, రెండోదానికి ‘ముమ్మరం చేశారు’ అనీ రాస్తాయి. ఎంత చక్కని విభజన!

వాతావరణ శాఖ చేతిలో ఈ మాటకు కచ్చితమైన కొలత ఉంది. గాలివేగం గంటకు 31 కిలోమీటర్లు చేరితే అల్పపీడనం వాయుగుండమవుతుంది. 50 చేరితే తీవ్ర వాయుగుండం, 62 దగ్గర తుపాను, 89 నుంచి తీవ్ర తుపాను. 24 గంటల్లో వేగం సుమారు 55 కిలోమీటర్లు పెరిగితే అది ‘ర్యాపిడ్ ఇంటెన్సిఫికేషన్’.

అయితే ఈ మెట్లన్నీ గాలికే, వానకు కాదు. తమిళనాడులోని ధర్మపురి జిల్లా వెల్లిచందై వంటి, తీరానికి దూరంగా ఉన్న ఊళ్లవారు ఈ తేడాను తప్పక గుర్తుంచుకోవాలి. 2024 నవంబర్ 30 రాత్రి పుదుచ్చేరి సమీపంలో తీరం దాటిన ఫెంగల్ తుపాను ఆ తర్వాత బలహీనపడింది. అయినా పొరుగున కృష్ణగిరి జిల్లాలోని ఊత్తంగరైలో డిసెంబర్ 2 ఉదయానికి ఒక్కరోజులోనే 50 సెంటీమీటర్ల వాన కురిసింది.