కాల్చేసే గడ్డిలో ఇంధనం, ఊకబూడిదతో మంచినీరు

ప్రతి సంవత్సరం అక్టోబరు చివరికల్లా నోయిడా ఆకాశం బూడిదరంగుకు తిరుగుతుంది. వాహనాల పొగ, రోడ్ల దుమ్ము ఏడాది పొడవునా ఉండేవే. ఆ రోజుల్లో వాటికి పంజాబ్, హర్యానా పొలాలలో వరి కొయ్యకాళ్ళను కాల్చిన పొగ తోడవుతుంది. కోతయంత్రం వెళ్ళిపోయాక గోధుమ విత్తడానికి రైతుకు మిగిలేది రెండు మూడు వారాలే. భూగర్భజలాన్ని కాపాడేందుకు 2009లో ఆ రెండు రాష్ట్రాలు వరినాట్లను వెనక్కి జరిపే చట్టాలు చేశాక ఈ వ్యవధి ఇంకా కుదించుకుపోయింది. అన్నిటికన్నా చౌకైన ఉపాయం అగ్గిపుల్ల. ఇందుకు రైతును నిందించడం తేలిక. ఆ గడ్డికి ఒక ధర కల్పించడం కష్టం.

గడ్డివాములు చూస్తూ పెరిగిన మనకు వరిగడ్డి అంటే పశువుల మేత. రసాయనశాస్త్రం దృష్టిలో మాత్రం అది చక్కెర నిల్వ. అన్నంలోని పిండిపదార్థం, గడ్డిలోని సెల్యులోజ్ రెండూ గ్లూకోజ్ గొలుసులే. తేడా అంతా లంకె వేసిన తీరులో ఉంది. పిండిపదార్థంలో గొలుసు చుట్టలు తిరుగుతుంది; మన లాలాజలమే దాన్ని తెంచగలదు. సెల్యులోజ్‌లో గ్లూకోజ్ అణువులు ఒకటి విడిచి ఒకటి తిరగబడి ఉంటాయి. అందువల్ల గొలుసులు తిన్నగా సాగి, మోపు కట్టిన కట్టెల్లా ఒకదానికొకటి అతుక్కుంటాయి. వాటి చుట్టూ లిగ్నిన్ అనే గట్టి పదార్థం బంకలా పట్టి ఉంటుంది. ఆవు కూడా దీన్ని స్వయంగా అరిగించుకోలేదు. దాని పొట్టలోని సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి.

ఆ పనినే కర్మాగారంలో చేయాలి. ముందుగా గడ్డిని ముక్కలు చేసి ఆవిరితో, పలుచని ఆమ్లంతో ఉడికించి లిగ్నిన్ పట్టు సడలిస్తారు. తరువాత సెల్యులేజ్ ఎంజైములు గొలుసులను తెంచి గ్లూకోజ్‌ను విడుదల చేస్తాయి. ఈస్ట్ దాన్ని పులియబెట్టి ఇథనాల్‌గా మారుస్తుంది. చివరిది స్వేదనం. హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ సంస్థ నిర్మించిన ఇటువంటి కర్మాగారాన్ని 2022 ఆగస్టు 10న జాతికి అంకితం చేశారు. ఏటా సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి దాదాపు 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్నది లక్ష్యం.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. టన్నుకు 150 లీటర్లు, అంటే సుమారు 118 కిలోలు. గడ్డి బరువులో ఎనిమిదోవంతు కూడా కాదు! మిగతాది ఏమైంది? 180 గ్రాముల గ్లూకోజ్ పూర్తిగా పులిసినా వచ్చే ఇథనాల్ 92 గ్రాములే. 88 గ్రాములు కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. లిగ్నిన్ పులియదు, దాన్ని బాయిలర్‌లో మండించుకోవచ్చు. ఇక వరిగడ్డిలో సిలికా ఎక్కువ, అది యంత్రాలను అరగదీస్తుంది కూడా. తేలికగా ఉండి చోటెక్కువ ఆక్రమించే గడ్డిని మోపులు కట్టి, లారీల్లో చేర్చి, ఏడాది పొడవునా తడవకుండా నిల్వ చేయడం ఎంజైముల కన్నా పెద్ద సమస్య అనిపిస్తుంది.

ఇంతకన్నా సులువైన దారి నోయిడా ఉన్న గౌతమబుద్ధ నగర్ జిల్లాలోనే ఉంది. గడ్డిని గుళికలుగా నొక్కి బొగ్గుతో కలిపి మండించడాన్ని దాద్రి విద్యుత్ కేంద్రంలో ఎన్.టి.పి.సి. 2017లో మొదలుపెట్టింది. ఇందులో ఆర్భాటం లేదు, కానీ కొత్త కర్మాగారం కట్టనక్కరలేదు.

ఇప్పుడు నీటి సంగతి. ధాన్యం బరువులో దాదాపు ఐదోవంతు ఊక. ఊకను కాలిస్తే మిగిలే బూడిద కూడా ఊకలో ఇంచుమించు ఐదోవంతే. అందులో అధికభాగం సిలికా. మితమైన వేడిలో కాలితే ఈ సిలికా సన్నని రంధ్రాలతో, స్ఫటికరూపం లేకుండా ఉంటుంది. మరీ వేడెక్కితే స్ఫటికమై రంధ్రాలు మూసుకుపోతాయి. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరం. 2009 డిసెంబరులో విడుదలైన టాటా స్వచ్ఛ్ ఫిల్టరులో ఊకబూడిదకు అతిసూక్ష్మ వెండి కణాలను జోడించారు. బూడిద మలినాలను పట్టి ఉంచుతుంది, వెండి బాక్టీరియాను చంపుతుంది. కరెంటు అక్కరలేదు.

కోనసీమలో దండిగా దొరికే కొబ్బరిచిప్పలను గాలి తగలకుండా బొగ్గు చేసి, అధిక ఉష్ణోగ్రతలో ఆవిరి పట్టిస్తే యాక్టివేటెడ్ కార్బన్ తయారవుతుంది. ఒక్క గ్రాములోని రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే సుమారు వెయ్యి చదరపు మీటర్లు, అంటే ఏడెనిమిది కబడ్డీ కోర్టులంత! రంగులు, వాసనలు, క్రిమిసంహారకాలు ఆ గోడలకు అంటుకుపోతాయి. దీన్నే అధిశోషణం అంటారు.

అయితే నల్గొండ నీళ్ళలోని ఫ్లోరైడ్‌కు ఈ బొగ్గు అంతగా లొంగదు. అక్కడ ఊకబూడిదకు అల్యూమినియం హైడ్రాక్సైడ్ పూత పూయాలి. ఫ్లోరైడ్ అయాన్లను పట్టేది ఆ పూతే. పైగా ఏ బొగ్గయినా, బూడిదయినా కొన్నాళ్ళకు నిండిపోతుంది. రంగులద్దే పరిశ్రమ నీటిని శుభ్రం చేసిన బొగ్గును తీసుకెళ్ళి చెరువుగట్టున పోస్తే, ఆ విషం వానాకాలంలో మళ్ళీ నీళ్ళలోకే దిగుతుంది.