లంక పొగాకు కోయువారి దేహమున కేమి చేయును?

గోదావరి లంకల పొగాకు చుట్టకు ప్రసిద్ధి. దాని ఘాటునుగూర్చి రామచంద్రపురము ప్రాంతపు రైతులకు మేము చెప్పవలసినది లేదు. కాని యా ఘాటు చుట్ట కాల్చువానికే గాక ఆకు కోయు కూలికిని ఎక్కునను సంగతి పలువురకు తెలిసినట్లు తోచదు.

ఆకునందలి ఉత్తేజక ద్రవ్యమునకు నికోటిన్ అని పేరు. 1828లో జర్మనీదేశమున హైడెల్‌బర్గు పట్టణమందు పోసెల్టు, రైమన్ అను నిరువురు దీనిని వేరుచేసిరి. ఇది వేళ్లలో తయారై ఆకుల కెక్కును. మొక్క తల తుంచినచో ఆకున మరింత హెచ్చును. ఘాటు కొరకు మనము చేయు పనియే యది. మొక్కకు మాత్ర మిది పురుగులనుండి రక్షణ. పేనుబంకపై పొగాకు కషాయము పనిచేయుటయు దీనివలననే. పురుగు నరములలో ఇది యే తావున పట్టునో, మనుష్యుని నరములలోను అట్టి తావు కలదు.

పొగ లోనికి పీల్చిన కొన్ని సెకండ్లలోనే యిది మెదడు చేరి డోపమిన్ అను ద్రవ్యమును విడిపించును. హుషారును, మరల కావలెనను తహతహయు దానివలననే కలుగును. మూత్రపిండములపై నుండు గ్రంథులనుండి అడ్రినలిన్ వెలువడి, గుండె వేగ మెత్తును. నాళములు బిగిసి రక్తపు పోటు పెరుగును. సుమారు 2 గంటలలో రక్తమందలి నికోటిన్ సగమగును. చేయి మరల చుట్టవంకకు పోవును. పొగ మింగము గనుక భయము లేదనువారు కలరు. చుట్టపొగ క్షారగుణము కలది. నోటిపొరగుండనే అది రక్తమున చేరును. అడ్డపొగ సంగతి వేరుగా వ్రాయదగినది. అది అంగుటి కాన్సరునకు దారితీయును.

ఇక కోత సంగతి. నికోటిన్ నీట కరగును. మంచుతో తడిసిన యాకును చంక నిడుకొని మోయువారి బట్టలు తడిసి, చర్మముగుండ అది లోని కింకును. తల తిరుగుట, తలనొప్పి, వాంతి, చలిచెమట కలుగును. 1970లో అమెరికాలోని ఫ్లారిడా వైద్యులు ఈ జబ్బును వర్ణించిరి. మన పొలములలో దీనిని పైత్యమనియో, ఎండదెబ్బయనియో అనుకొనుట సులభము. పొగాకు అలవాటు లేనివారికే యిది హెచ్చు. అలవాటుపడిన దేహము కొంత ఓర్చుకొనును.

కావున మంచు ఆరినపిమ్మటనే కోత పెట్టవలెను. ప్రొద్దుటి పని కొంత వెనుకబడును, నిజమే. కాని కూలి వాంతులతో గట్టున కూలబడినచో నాటి పని యెట్లును సాగదు. చేతులు కప్పు చొక్కా తొడుగుట, తడిసిన బట్ట వెంటనే మార్చుట, సబ్బుతో కడుగుకొనుట అవసరము. గర్భిణులను, పిల్లలను ఈ పనికి పిలువరాదు. వాంతులు ఆగనిచో వైద్యునియొద్దకు కొనిపోవలెను. వచ్చు కోతకు ముందుగా, ఎరువులతోపాటు రబ్బరు చేతితొడుగులను గూడ సంఘము తెప్పించి యుంచవలెనని మా కోరిక.