ఆసుపత్రి సంక్రమణ

ఆసుపత్రి సంక్రమణ అనగా ఆసుపత్రిలో చేరేనాటికి రోగిలో లేకుండా, అక్కడ చికిత్స పొందుతుండగా సోకే వ్యాధి. సాధారణంగా చేరిన 48 గంటల తరువాత బయటపడిన దానిని ఈ కోవలో చేరుస్తారు. మూత్రనాళపు గొట్టాలు, సెలైన్ సూదులు, శస్త్రచికిత్స గాయాలు క్రిములకు ప్రవేశ మార్గాలు. అయితే వాటిని ఒక రోగి నుండి మరొకరికి చేర్చేవి ఎక్కువగా వైద్య సిబ్బంది చేతులే.

ఈ సంగతిని 1847లో వియన్నాలోని ప్రసూతి విభాగంలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ గుర్తించాడు. అక్కడి వైద్యులు, విద్యార్థులు శవపరీక్షలు చేసి నేరుగా కాన్పులకు వచ్చేవారు. వారు బ్లీచింగ్ పౌడరు నీటితో చేతులు కడుక్కోవాలని ఆయన నియమం పెట్టగా, ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న బాలింతల మరణాలు జూన్‌లో సుమారు 2 శాతానికి తగ్గాయి. అయినను తోటి వైద్యులు పలువురు అంగీకరించలేదు. తమ చేతులే కారణమనటం వారికి రుచించలేదు!

యాంటీబయాటిక్కులు వచ్చినా ఈ అవసరం తీరలేదు. మెథిసిల్లిన్ 1959లో వాడుకలోకి రాగా, దానికి లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్ బ్రిటన్‌లో 1961లోనే నమోదైంది. మందు వాడినపుడు లొంగే క్రిములు నశించి, లొంగనివి మిగిలి వృద్ధి చెందుతాయి. అవి కూడా పక్క మంచానికి చేరేది ఎక్కువగా చేతుల మీదుగానే.